ఫిల్ము చూడని రిపోర్టు

"నాలుగు మోకాళ్లు, ఒక నడుం బయల్దేరాయండీ మేడంగారూ" అని బుల్లిరాజు ఫోన్లో చెప్పినప్పుడల్లా రాజరాజేశ్వరికి పొద్దున తిన్న ఇడ్లీ గొంతులోకి వచ్చినట్టు ఉండేది. మనుషులు బయల్దేరారని అనడు. పేర్లు అడిగితే చెబుతాడు, వయసు అడిగితే చెబుతాడు, కానీ లెక్క మాత్రం మోకాళ్లలోనే. కోళ్లఫారం వాడు కూడా కోళ్లని కోళ్లనే అంటాడు, కాళ్లూ రెక్కలూ వస్తున్నాయని అనడు కదా అని ఆవిడ లోపల తిట్టుకునేది. పైకి మాత్రం "చెప్పండి, రాసుకుంటున్నాను" అనేది. ఎనిమిదేళ్లుగా అదే మాట అంటోంది. ఆ మాటంటే కూడా ఆవిడకి వెగటే.

రాజరాజేశ్వరి ఏలూరులో డాక్టరు రాజ్ కుమార్ నడిపే ఎముకలు, కీళ్ల ఆసుపత్రిలో రిపోర్టులు టైపు చేస్తుంది. పదహారేళ్ల సర్వీసు. యాభై దాటిన మనిషి. జడలో ఎప్పుడూ ఒక చిన్న పువ్వు, ముక్కు మీద జారే కళ్లజోడు, ముక్కు కొసన ఎప్పుడూ ఉండే కోపం. వరండాలో కూర్చున్న పేషెంట్లు ఆవిడని చూసి కూడా డాక్టరమ్మ అనుకుని లేచి నిలబడతారు. ఆవిడ కూర్చోమంటుంది. మోకాళ్లనొప్పి మనుషులు లేచి నిలబడటం చూస్తే ఆవిడకి ఇంకా చిరాకు.

రిపోర్టుల్లో ఉండే ఎముకల మాటల మీద ఆవిడకి ప్రేమ పుట్టింది మాత్రం ఈ ఆసుపత్రిలో కాదు. ఆవిడ తండ్రి పెదపాడు హైస్కూల్లో తెలుగు పండితుడు. అన్నం తింటూ కూడా సమాసాలు విడగొట్టించేవాడు. ఏ పెద్ద మాటైనా చిన్న మాటల మూటే, ముడి విప్పితే భయపడాల్సింది ఏమీ ఉండదనేవాడు. టైపు హయ్యర్ పాసయ్యాక ఆవిడకి తాడేపల్లిగూడెంలో ఒక ముసలి ఎముకల డాక్టరు దగ్గర ఉద్యోగం దొరికింది. ఆయన డిక్టేషన్ ఇస్తుంటే మొదటి వారం ఆవిడకి ఏడుపొచ్చింది. రెండో వారంలో ఆ మాటలు కూడా సమాసాలేనని కనిపెట్టింది. ఆస్టియో అంటే ఎముక, ఆర్థ్రో అంటే కీలు, మయో అంటే కండ, కాండ్రో అంటే కీలు దగ్గర ఎముకల చివర ఉండే మెత్తటి ఎముక. చివర ఐటిస్ వస్తే వాపు, మలేసియా వస్తే మెత్తబడిందని, ప్లాస్టీ వస్తే మళ్లీ మలిచారని. ఆస్టియోఫైట్ అంటే ఎముక మీద మొలిచిన మొక్క. పటెల్లా అంటే చిన్న చిప్ప. లాటిన్ వాళ్లకీ పెదపాడు వాళ్లకీ మోకాలిని చూస్తే ఒకటే గుర్తొచ్చిందని ఆవిడ మురిసిపోయి, ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. ఆయన ఒక నోటుబుక్కు కొనిచ్చి అన్నీ రాసిపెట్టుకోమన్నాడు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. అట్ట ఊడిపోయింది.

ఆ ముసలి డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూడకుండా నోరు విప్పేవాడు కాదు. గదిలో లైటు పెట్టె ఉన్నా సరే, కిటికీ దగ్గరికి వెళ్లి ఫిల్ముని వెలుగుకి పట్టుకుని, ఒకసారి చూసి, దించి, మళ్లీ చూసేవాడు. ఆవిడని కూడా పిలిచి చూపించేవాడు. "రెండు తెల్లటి ఎముకల మధ్య నల్లటి సందు ఉందా లేదా చూడమ్మా. సందు ఉంటే మోకాలు ఇంకా మోకాలే. సందు పోయి ఎముక ఎముకని రాసుకుంటుంటే అప్పుడు కత్తి సంగతి మాట్లాడదాం" అనేవాడు. ఆరేళ్లలో ఆవిడ ఎన్ని సందులు చూసిందో లెక్కలేదు. ఆయన పోయాక ఆ ఆసుపత్రి మూసేశారు. ఆవిడకి పెళ్లై ఏలూరు వచ్చేసింది.

భర్త వీరరాఘవులు పురోహితుడు. మెత్తటి మనిషి. మఠం వేసుకుని కూర్చుంటే మూడు గంటలు కదలకుండా వ్రతం చేయించేవాడు. పెళ్లైన కొత్తలో ఆవిడ ఆయనకి నోటుబుక్కులోంచి ఒక మాట చదివి వినిపించింది. సార్టోరియస్. తుంటి నుంచి తొడ మీదుగా ఏటవాలుగా దిగి మోకాలి లోపలివైపు అంటుకునే పొడవాటి కండ. దర్జీవాళ్లు కాళ్లు మడుచుకుని కూర్చుంటారు కాబట్టి దానికి దర్జీ కండ అని పేరు పెట్టారట. ఆయన నవ్వి, మరి దర్జీవాళ్లు మిషన్లెక్కి చాలాకాలమైంది కదా, ఇక దాన్ని పురోహితుడి కండ అనమని మీ డాక్టర్లకి ఉత్తరం రాయమన్నాడు. ఆ మాట ఇద్దరికీ చాలా ఏళ్లు పనికొచ్చింది. పీటల మీద నుంచి లేస్తూ తొడ తట్టి "మన కండ బాగానే ఉంది" అనేవాడు.

ఆరేళ్ల కిందట ఆయనకి మోకాళ్లనొప్పులు వచ్చాయి. రాజ్ కుమార్ ఆసుపత్రిలోనే రెండు మోకాళ్లూ మార్చారు. స్టాఫ్ ఇంటి మనిషి కాబట్టి ఎంతో గౌరవంగా చూశారు. ఆపరేషన్ చక్కగా జరిగిందని అందరూ అన్నారు. నడుస్తాడు, మెట్లెక్కుతాడు. కానీ మఠం వేసుకుని కూర్చోకూడదన్నారు, ఇంకెప్పుడూ. హోమగుండం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ముందుకి వంగి, నెయ్యి వేయబోయే పురోహితుణ్ణి ఎవరు పిలుస్తారు? మొదట్లో పాత ఇళ్ల వాళ్లు మొహమాటానికి పిలిచారు. తర్వాత వాళ్లూ మానేశారు. ఇప్పుడాయన ఫోన్లో ముహూర్తాలు చెబుతాడు. తొడ తట్టుకోవడం కూడా మానేశాడు. ఒక్కసారి కూడా భార్యని ఏమీ అనలేదు.

ఇక ఈ రిపోర్టుల సంగతి. మొదట్లో రాజ్ కుమార్ కూడా ఫిల్ము చూసే చెప్పేవాడు. పేరొచ్చి, జనం పెరిగి, బుల్లిరాజులు పెరిగాక తీరిక పోయింది. బుల్లిరాజు గుండుగొలను చుట్టుపక్కల ఊళ్లలో ఇంజెక్షన్లు ఇచ్చుకుంటూ తిరిగే మనిషి. నొప్పి అన్నవాళ్లని పోగేసి ఆటోలో ఎక్కించుకొస్తాడు. అలాంటివాళ్లు నలుగురైదుగురున్నారు. వచ్చినవాళ్లని ఎక్కువసేపు కూర్చోబెట్టకూడదని రాజ్ కుమార్ ఒక పద్ధతి పెట్టాడు. ఆవిడ కంప్యూటర్లో రెండు రిపోర్టులు తయారుగా ఉండేవి. ఒకటి బాగున్న మోకాలిది, ఒకటి అరిగిపోయిన మోకాలిది. పేరూ వయసూ మారిస్తే చాలు. డాక్టరు సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు ఒక దొంతర సొరుగులో ఉంటాయి. పేషెంటు ఏలూరు చేరేలోపే రిపోర్టు అచ్చై కవర్లో కూర్చుంటుంది. ఫిల్ము తర్వాత వచ్చి దాని పక్కన చేరుతుంది.

బాగున్న మోకాలి రిపోర్టు తెరిచి ఎన్నేళ్లయిందో ఒకరోజు ఆవిడ సరదాకి చూసింది. ఏడేళ్లు దాటింది. కొల్లేటి చుట్టూ ఇన్ని ఊళ్లలో ఏడేళ్లుగా ఒక్క మోకాలు కూడా బాగాలేదన్నమాట. ఆ రోజు ఆవిడకి మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఆ బాక్సు అలాగే ఇంటికి తెచ్చి ఆవుకి పెట్టింది. మర్నాడు మళ్లీ వెళ్లి అదే రిపోర్టు కొట్టింది. కోపమంతా కడుపులో, పనంతా వేళ్లలో. ఆవిడ బతుకు అలా రెండుగా నడిచింది.

అన్నిటికంటే ఆవిడకి రోత పుట్టించింది ఆ మాటల గతి. తండ్రి విడగొట్టమన్న మాటలు, ముసలి డాక్టరు తూచి తూచి పలికిన మాటలు. వాటితో ఇక్కడ మనుషుల్ని బెదిరిస్తున్నారు. ఆస్టియోఫైట్స్ అని బుల్లిరాజు వరండాలో గట్టిగా చదివి, ఎముకల్లో ముళ్లు మొలిచాయి, ఇంకో ఏడాదికి మంచం పడతావు అని అర్థం చెబుతుంటే, వినే ముసలివాళ్ల మొహాలు పాలిపోయేవి. నలభై దాటిన ఎవరి మోకాలిలోనైనా ఆ మొక్కలు రెండు మూడు మొలుస్తాయని ఆవిడకి తెలుసు. చెప్పేది కాదు.

ఒక గురువారం పొద్దున తొమ్మిదింటికి బుల్లిరాజు ఫోన్ చేశాడు. ఆ రోజు రెండే మోకాళ్లు. పేరు వెంకటనరసమ్మ, యాభై నాలుగేళ్లు, ఊరు కొల్లేటి లంక. ఆవిడ మామూలుగా కొట్టేసింది. కుడి మోకాలు: కీలు సందు పూర్తిగా పోయింది, లోపలి ఎముక గట్టిపడింది, ఆస్టియోఫైట్స్ ఉన్నాయి, గ్రేడ్ ఫోర్, అంటే అరుగుదలలో ఆఖరి మెట్టు. ఎడమ మోకాలు: అదే. ఇంగ్లీషులో పదకొండు లైన్లు. అచ్చు తీసి కవర్లో పెట్టి, టీ తాగింది.

పదకొండున్నరకి రిపోర్టుల కిటికీ దగ్గరికి ఒక మనిషి వచ్చి నిలబడింది. బక్కపల్చటి మనిషి, నలుపు, మొహం మీద ఎండ మచ్చలు. కవరు రెండు చేతులతో గుండెకి ఆనించుకుని ఉంది. బుల్లిరాజు టీ తాగడానికి వెళ్లాడట. ఈలోగా అడుగుదామని వచ్చానంది.

"అమ్మగారండీ, నాకు సదువు రాదండి. డాక్టరుగారు సోమవారం చేరిపొమ్మన్నారండి. ముందు ఎడమది కోత్తారంట, ఆర్నెల్లు పోయాక కుడిదంట. ఇందులో ఏం రాశారో ఒక్కసారి సదివి పెడతారాండీ?"

రాజరాజేశ్వరి కాగితం తీసుకుని, తనకి కంఠతా వచ్చినదే అయినా, చదివినట్టు చదివి తెలుగులో చెప్పింది. కుడి మోకాలు బాగా అరిగిపోయిందని రాశారు, ఎడమది కూడా అంతే అని.

వెంకటనరసమ్మ చుట్టూ చూసి, సిగ్గుపడుతూ, కుడివైపు చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తింది. కింద పాదం ఉండాల్సిన చోట రబ్బరు పాదం, దాని పైన గోధుమరంగు గొట్టం, పట్టీలు. ఇంకొంచెం ఎత్తింది. తొడ సగం దాకా అదే.

"కుడిది నాకు లేదండి" అంది. "పన్నెండేళ్లయిందండి, చేపల వ్యాను తొక్కేసి. లోపలికెళ్లినప్పుడు చెబుదామనుకున్నానండి. డాక్టరుగారు రాసుకుంటుంటే మాట్లాడకూడదని బుల్లిరాజుగారన్నారండి."

రాజరాజేశ్వరి కాగితం మళ్లీ చదివింది. లేని మోకాలికి సందు పోయిందని తను రాసింది. లేని ఎముక మీద మొక్కలు మొలిచాయని రాసింది. గ్రేడ్ ఫోర్ అని రాసింది. పొద్దున తొమ్మిదీ పదికి, టీకి ముందు. లేచి వెనక బాత్రూంకి వెళ్లి కక్కుకుని, నోరు కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చుంది. వెంకటనరసమ్మ కంగారుపడి, ఏమైనా తప్పుగా అన్నానా అని అడిగింది. ఆ మాటకి ఆవిడకి ఇంకా అసహ్యం వేసింది, తన మీద.

కూర్చోబెట్టి వివరాలు అడిగింది. చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లకి వెంకటనరసమ్మ వంట చేసి, క్యారేజీలు గట్ల మీద మోసుకెళ్లి ఇస్తుంది. పెట్టుడు కాలు తాడేపల్లిగూడెంలో ఎవరో ఉచితంగా ఇస్తే తెచ్చుకుంది. ఈ ఏడాదిగా ఎడమ మోకాలు సాయంత్రానికల్లా వాచిపోతోంది. అదొక్కటే ఉంది కాబట్టి దాన్ని చూసుకోవాలని వచ్చింది. "అది కూడా పోతే నేను దేకాలండి" అని మామూలుగా, వంకాయల ధర చెప్పినట్టు చెప్పింది.

రాజరాజేశ్వరి కవర్లోంచి ఫిల్ము బయటికి లాగింది. ఒకే ఒక్క ఫిల్ము, ఎడమ మోకాలిది. ఎక్స్‌రే తీసే శ్రీనాథ్‌ని కేకేసి అడిగితే, ఆ అమ్మకి కుడి కాలు లేదని తనకి తెలుసన్నాడు. "రిపోర్టు ముందే వచ్చేసింది కదండీ. మధ్యలో నేనెందుకని" అని నసిగి, మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. మధ్యలో నేనెందుకు. ఆ ఆసుపత్రి గోడ మీద పెద్దక్షరాలతో రాయదగ్గ మాట అదే అనుకుంది ఆవిడ. శ్రీనాథ్ మీద కోపం తెచ్చుకునే అర్హత తనకి లేదని కూడా అనుకుంది.

ఫిల్ము పట్టుకుని వరండా చివరి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఇరవై రెండేళ్లయింది ఆవిడ ఫిల్ముని వెలుగుకి పట్టి. పైన తొడ ఎముక, కింద పిక్క ఎముక, ముందు చిప్ప. మధ్యలో నల్లటి సందు, ఇటు చివర నుంచి అటు చివరకి. లోపలివైపు కాస్త సన్నబడింది. అంచున ఒక చిన్న మొక్క. దించి, మళ్లీ పట్టి చూసింది. యాభై నాలుగేళ్ల మనిషి మోకాలు యాభై నాలుగేళ్ల మోకాలిలాగే ఉంది. గ్రేడ్ ఫోర్ దరిదాపుల్లో లేదు.

రాజ్ కుమార్ గదిలోకి ఆవిడ అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లడం అదే మొదటిసారి. బుల్లిరాజు కూడా అప్పటికి టీ తాగి వచ్చి ఆ గదిలోనే ఉన్నాడు. ఆవిడ రిపోర్టు బల్ల మీద పెట్టి, ఆ మనిషికి కుడి కాలు లేదండీ అని చెప్పింది. బుల్లిరాజు తల గోక్కుని, మోకాళ్లంటే జతగా వస్తాయి కదండీ, అలవాటులో రెండు అనేశానన్నాడు. పక్క ఊరివాడు. ఆ పెట్టుడు కాలు గట్ల మీద నడవడం పన్నెండేళ్లుగా చూస్తున్నవాడు.

రాజ్ కుమార్ కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు, గొంతు కూడా పెంచడు. ఆయన మర్యాద ఏలూరంతా మెచ్చుకుంటుంది. "టైపింగ్‌లో పొరపాటు పడిందండీ, పర్లేదు" అన్నాడు. "కుడి పేరా తీసేసి కొత్త కాగితం ఇచ్చేయండి. ఎడమది అలాగే ఉంచండి."

"ఎడమదానిలో సందు ఉందండీ. నేను చూశాను" అంది ఆవిడ.

"మీరు ఎప్పటినుంచి ఫిల్ములు చదువుతున్నారండీ?"

"పెళ్లి కాకముందు నుంచి."

ఆయన చిరునవ్వు నవ్వాడు. కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు. "చూడండీ రాజేశ్వరిగారూ, మీరు మా ఇంటి మనిషిలాంటివారు. మీవారికి కూడా మనమే కదండీ చేశాం. అప్పుడు మీకు ఏ అనుమానమూ రాలేదు" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా.

ఆ మాట ఆయన ఉపకారం గుర్తుచేయడానికే అన్నాడు. కానీ ఆవిడకి ఇంకొకటి గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట ఆ రోజు పొద్దున ఆవిడ ముందుగా ఆసుపత్రికి వచ్చింది. భర్త వెనకాల ఆటోలో వస్తున్నాడు. వచ్చాక ఆయన ఒక్క నిమిషం కూడా కూర్చోకూడదని, మా ఇంటి మనిషి కదా అని, తనే ఎంతో ముచ్చటపడి ఫైలు తెరిచి, వీరరాఘవులు అని పేరు కొట్టి, వయసు కొట్టి, అచ్చు తీసి కవర్లో పెట్టి ఉంచింది. కుడి మోకాలు, ఎడమ మోకాలు, గ్రేడ్ ఫోర్. సంతకం సొరుగులో ఉండనే ఉంది. ఆ తర్వాత వచ్చిన ఫిల్ముని ఎవరు చూశారు? ఆవిడ చూడలేదు. రిపోర్టు ఉండగా ఫిల్ము ఎందుకనుకుంది.

ఆవిడ గదిలోంచి బయటికి వచ్చింది. తన బల్ల దగ్గర కూర్చుంది. వేళ్లు అలవాటుగా కీబోర్డు మీదకి వెళ్లాయి, కుడి పేరా కొట్టేయడానికి. ఆ వేళ్లని చూస్తే ఆవిడకి తనవి కావనిపించింది. చీదర పుట్టి వెనక్కి లాక్కుంది. కలం తీసి, అచ్చైన రిపోర్టు కిందనే, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాసింది: ఈ రిపోర్టు ఫిల్ము తీయకముందే టైపు చేసినది. ఈ మనిషికి కుడి మోకాలు లేదు. ఎడమ మోకాలి ఫిల్ముని ఏ డాక్టరూ చూడలేదు. దయచేసి చూడండి. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి, తారీఖు వేసింది. సంచీ భుజాన వేసుకుని వెంకటనరసమ్మని లేపింది.

బుల్లిరాజు గేటు దాకా వెంటపడ్డాడు. సోమవారం మంచం ఖాళీగా ఉంచారండీ, డాక్టరుగారికి ఏం చెప్పాలండీ అని గొణిగాడు. నీ మోకాళ్లు రెండూ ఉన్నాయిగా, నువ్వెళ్లి పడుకో అని ఆవిడ అంది. ఆ మనిషిని ఆవిడ నువ్వనడం కూడా అదే మొదలు.

ప్రభుత్వాసుపత్రిలో ఓపీ మూసేలోపు అందుకున్నారు. క్యూలో గంటసేపు నిలబడ్డారు. నిజానికి రాజరాజేశ్వరి నిలబడింది. వెంకటనరసమ్మని బల్ల మీద కూర్చోబెట్టింది. ఎముకల విభాగంలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. రిపోర్టు కింద రాసింది చదివి ఒకసారి తలెత్తి చూసింది, ఏమీ అడగలేదు. ఫిల్ము చూసింది. తర్వాత పేషెంటుని లేచి నిలబడమంది, నడవమంది. వెనక నిలబడి నడుం రెండు పక్కలా చేతులు వేసి చూసింది. టేపు తీసి కొలిచింది. పెట్టుడు కాలు అరిగి అరంగుళం పొట్టిదైందట. అడుగడుక్కీ బరువంతా ఎడమ మోకాలి మీద పడుతోందట. కోత అక్కర్లేదు, కాలు మార్పించుకుని రావాలి, ఈలోగా ఆ పాదం కింద అట్ట వేసుకోవాలి, ఈ వ్యాయామాలు చేయాలి అని కాగితం మీద తెలుగులోనే రాసిచ్చింది. మొత్తం పది నిమిషాలు పట్టింది.

బస్టాండులో దింపినప్పుడు వెంకటనరసమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఈసారి వచ్చేటప్పుడు కొరమీను తెస్తానంది. మేం తినమమ్మా అని ఆవిడ చెబితే, అయితే వానలకి గట్ల మీద మొలిచే పుట్ట కొక్కులు దొరికితే తెస్తానని, బస్సెక్కి కిటికీలోంచి కూడా దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం ఆవిడ మీద ఉమ్మేసినంత భారంగా ఉంది. తను కాపాడింది ఒక మోకాలిని. ఏడేళ్లలో కొట్టిన మోకాళ్లెన్ని? ఒక్కో రోజుకి నాలుగనుకున్నా ఎన్నవుతాయో వేసి చూడటానికి భయపడింది. వాటిలో నిజంగా అరిగినవి ఉంటాయి, చాలానే ఉంటాయి. ఏవి అరిగినవో ఏవి కావో ఇక ఎవరికీ తెలీదు. తీసేసిన ఎముకల్ని ఎవరూ దాచిపెట్టరు.

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. వీరరాఘవులు ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎవరికో ఫోన్లో గృహప్రవేశానికి మంచి రోజు చెబుతున్నాడు. ఆ ఇంటికి పురోహితుడు వేరే మనిషట. రోజు మాత్రం ఈయన చెప్పాలట. ఫోన్ పెట్టేసి, ఇవాళ తొందరగా వచ్చావే, మొహం అలా ఉందేమిటి, కాఫీ కలపనా అని అడిగాడు. వద్దంది. లోపలికి వెళ్లి బీరువా వెనక చెయ్యి పెట్టింది. బూజు పట్టిన పెద్ద కవరు ఒకటి బయటికి వచ్చింది. మీద రాజ్ కుమార్ నవ్వుతున్న బొమ్మ. తడిగుడ్డ తెచ్చి బూజు తుడిచింది కానీ ఆ బొమ్మని తుడవబుద్ధి కాలేదు.

ఆ ఇంటికి పడమటి కిటికీ ఉంది. ఎండ ఏటవాలుగా పడుతోంది. రెండు ఫిల్ములూ బయటికి తీసి, ముందు కుడిది వెలుగుకి పట్టింది. చూసి, దించి, మళ్లీ పట్టింది. తర్వాత ఎడమది. ముసలి డాక్టరు గొంతు వినపడుతున్నట్టే ఉంది. రెండు తెల్లటి ఎముకలు. మధ్యలో సందు. కుడివైపూ ఉంది, ఎడమవైపూ ఉంది, నల్లగా, స్పష్టంగా, చిటికెన వేలి గోరంత.

కుర్చీ చేతుల మీద బలం మోపి, ఆయన లేచి వచ్చాడు. ఆవిడ భుజం పక్కన నిలబడి తనూ తలెత్తి చూశాడు.

"అబ్బో, నా పాత మోకాళ్లు" అన్నాడు నవ్వుతూ. "వీటిని నేనెప్పుడూ చూడనేలేదు. అప్పుడు నువ్వు రాసినట్టే ఉన్నాయా?"

"లేదండీ" అంది ఆవిడ. "నేను చూడకుండా రాశానండీ."

ఆయన నవ్వు కొంచెంసేపు మొహం మీద అలాగే ఉండి, తర్వాత పోయింది. చెయ్యి చాపి ఫిల్ము అందుకున్నాడు. వెలుగుకి పట్టాడు. ఏది పైనో ఏది కిందో తెలీక ఒకసారి తిప్పాడు, మళ్లీ తిప్పాడు. ఎక్కడ చూడాలో చూపించమని ఆవిడ చేతికే ఇచ్చాడు.